గొంగడిలో దాగిన జ్వరం

ఉద్యోగంలో కొత్తగా చేరిన ల్యాబ్ పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ గ్లాసు చేతికి అందీ అందకముందే అడిగేది ఒకటే: "ప్రమోషన్ ఎన్నేళ్లకు వస్తుంది సార్?" నాకు ఒళ్లు మండుతుంది. వచ్చినప్పుడు వస్తుంది, రాకపోతే రాదు. అది చెప్పడానికి నేనెందుకు, ఆఫీసు గుమాస్తా చాలు. నన్ను అడగాల్సింది వేరే ఉంది. కంటికి కనిపించని ఒక ప్రాణి ముందు మొదటిసారి తల వంచిన రోజు ఎలా ఉంటుందో అడగండి. ఎవరూ అడగరు కాబట్టి అడక్కుండానే రాస్తున్నాను.

ఇది క్యూ ఫీవర్ అనే జ్వరం గురించి, దాన్ని తెచ్చే సూక్ష్మజీవి గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి. ఆ తప్పు వల్ల ఒక గొర్రెల కాపరి బతుకుదెరువు పోయేదే. ఇప్పటి పుస్తకాల్లో ఆ సూక్ష్మజీవి పేరు కాక్సియెల్లా బర్నెటీ. మేము అప్పట్లో రికెట్సియా అనేవాళ్లం. 'క్యూ' అంటే ప్రశ్న. ఈ జ్వరాన్ని మొదట గుర్తించిన వైద్యుడికి కారణం తెలియక, పేరు ఉండాల్సిన చోట ప్రశ్నను పెట్టి ఊరుకున్నాడట. తెలియనిదాన్ని తెలియదని రాసిన ఆ మనిషి మీద నాకు చూడకుండానే గౌరవం.

ఆముదాల గోదాము

మా ల్యాబ్ సూర్యాపేట బజారు వెనక ఒక పాత ఆముదాల గోదాము. రెండు గదులు, పైన పెంకులు. ఎంత కడిగినా గోడల నుంచి ఆముదం వాసన వచ్చేది. కరెంటు లేదు. కోడిగుడ్లు పొదిగే పెట్టె కింద కిరసనాయిలు దీపం పెట్టి, వేడి పెరగకుండా తగ్గకుండా ఒత్తి సరిచేస్తూ కూర్చోవడమే నా మొదటి ఉద్యోగం. ఉర్దూ మీడియంలో మెట్రిక్ పాసై, పశువుల శాఖలో సహాయకుడిగా చేరాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, పెళ్లి కాలేదు, గోదాము పక్కనే ఉన్న చిన్న గదిలో ఉండేవాణ్ని.

మా పెద్ద డాక్టర్ ఖాదర్ సాబ్. పశువైద్యుడు. యుద్ధంలో మన కంచరగాడిదల దళంతో ఇటలీ దాకా వెళ్లి వచ్చారు. అక్కడ గొర్రెల కొట్టాల్లో గడ్డి మీద పడుకున్న సిపాయిలకు ఒక్కసారిగా జ్వరాలు వచ్చాయట. ఆయనకూ వచ్చింది. "ఆ జ్వరం నన్ను ఇడిసింది గని, నేను దాన్ని ఇడువలే," అనేవారు. మన దిక్కు గొర్రెలు లేని ఊరు లేదు కదా, మరి ఆ జ్వరం ఇక్కడ ఎందుకు ఉండదన్నది ఆయన ప్రశ్న. మలేరియా అని, టైఫాయిడ్ అని రాసేస్తున్నవాటిలో కొన్ని అదేనని ఆయన అనుమానం.

రజాకార్ల రోజులు పోయి మిలటరీ రోజులు వచ్చిన చలికాలం అది. ఊళ్లలో మనుషులను చూస్తే మనుషులకు భయం. సాబు చుట్టాలు చాలామంది సూర్యాపేట విడిచి హైదరాబాదు వెళ్లిపోయారు. ఆయన వెళ్లలేదు. ఎందుకు సాబ్ అని ఒకసారి అడిగాను. పొదిగే పెట్టె చూపించి, "నేను పోతే ఇవి ఎవరు సూస్తరు?" అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మాకు కావాల్సిన గినీ పందులు బెజవాడ నుంచి బస్సులో కోదాడ మీదుగా వచ్చేవి. కోదాడలో సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకా ఉండేది. అక్కడి గుమాస్తా పెట్టె మూత తీసి, నన్ను చూసి, మళ్లీ పెట్టెలోకి చూశాడు.

"ఏందండీ ఇయ్యి? మా కాయితంలో మేకుంది, గొర్రుంది, కోడుంది. దీన్ని ఏ గడిలో రాయమంటారు?"

"గినీ పంది అని రాయండి."

"దీనికి ముట్టె ఏదండీ? పందంటే మా పైవాళ్లు నన్నే పంది అంటారు."

చివరికి 'కుందేళ్లు, చెవులు పొట్టివి' అని రాసి వదిలిపెట్టాడు. మా పరిశోధన సర్కారు కాగితాల్లోకి ఎక్కింది మొదట ఆ పేరుతోనే.

ల్యాబ్‌లో సాబు పెట్టిన నియమం ఒక్కటే. మంద నుంచి వచ్చింది ఏదైనా సరే, మూత బిగించిన గాజుసీసాలో తప్ప గడప దాటి లోపలికి రాకూడదు. రోజూ పొద్దున నాతో ఆ మాట చెప్పించేవారు. నేను చిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాణ్ని.

మంద పెట్టిన పొలం

నేరేడుచర్లలో దేవదానం మాస్టరు అని ఒక బడిపంతులు ఉండేవారు. పదిహేను రోజులుగా జ్వరం. మిర్యాలగూడెం దవాఖానలో క్వినైన్ ఇచ్చారు, తగ్గలేదు. అక్కడి కంపౌండరు ద్వారా సంగతి తెలిసి, సాబూ నేనూ బండి కట్టించుకుని వెళ్లాం. మాస్టరు చీకటి గదిలో కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నారు.

"తలకాయ పగిలిపోతున్నది సాబ్. కండ్లను ఎనకనుంచి ఎవరో గుంజుతున్నట్టున్నది," అన్నారు.

సాబు ముఖం మారింది. ఇటలీలో తాను అన్న మాట కూడా అదేనని తర్వాత నాతో చెప్పారు.

"గొర్లున్నయా మాస్టర్ మీకు? మేకపాలు తాగుతరా?"

మాస్టరు భార్య జవాబు చెప్పింది. "మాకు గొర్లు ఏడియి సాబ్? బర్రెపాలే. ఈయన బడి, ప్రార్థన, ఇల్లు. గంతే."

సాబు లేచి పెరటి తలుపు తీశారు. వెనక పొలం ఖాళీగా ఉంది. జొన్న కోసిన చేను. నేలంతా గొర్రెల పెంటికలు. మా దిక్కు పంట తీసిన చేలో గొర్రెల మందను కొన్ని రోజులు నిలిపి పెడతారు. పెంట, మూత్రం చేనుకు ఎరువు. కాపరికి గింజలు. దీన్నే మంద పెట్టడం అంటాం. ఇప్పుడు నేరేడుచర్ల, త్రిపురారం అంటే కాలువ నీళ్లు, వరి, మిల్లులు. అప్పుడు కాలువ ఎక్కడిది? చేనుకు మందే బలం, కాపరికి మందే అన్నం.

"ఎవరి మంద?" అని అడిగారు సాబు.

"పెన్‌పహాడ్ కురుమ మల్లయ్యది. గా చేన్లనే పది గొర్లు ఈనినయి. మావి కోసం కుక్కలు కొట్లాడుకుంటె నిద్ర లేకపాయె," అంది మాస్టరు భార్య.

మావి అంటే ఈనిన తర్వాత పడేది. సాబు చేనులోకి దిగలేదు. పెరటి గడపలో నిలబడి గాలి ఎటు నుంచి వస్తుందో చేయి పెట్టి చూశారు. చేను మీది నుంచి మాస్టరు కిటికీలోకే వస్తోంది. గొర్రెను తాకని మనిషికి, గొర్రెను ఎరగని ఇంట్లోకి, గాలి మీద ఎక్కి వచ్చిందన్నమాట. మాస్టరు రక్తం తీసి సీసాలో మూత బిగించాం.

రెండు రోజుల తర్వాత పెన్‌పహాడ్ వెళ్లాం. మల్లయ్యకు యాభై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి, మాటకు ముందు కర్రను నేల మీద ఆనించేవాడు. గొర్రెల రక్తం, ఈనిన గొర్రెల మావి కావాలని అడిగితే కర్ర ఆనించాడు.

"ఎందుకు సాబ్?"

"జ్వరం దీన్ల ఉన్నదా అని సూడాలె."

"ఉంటే?"

సాబు నోరు తెరిచేలోపే మల్లయ్యే అన్నాడు: "ఉంటే మంద సంపుమంటరు. మా తాతల కాలంల దొడ్డురోగమొచ్చిందని ఎడ్లను సంపిచ్చిండ్రంట. నాకు భూమి లేదు సాబ్. గీ గొర్లు పోతే నేను, నా పెండ్లాం, నా పిల్లలు ఎవరి శేన్ల నిలవడాలె? సంపనని మాటియ్యి. లేకుంటే ఒక్క సుక్క గూడ ఇయ్య."

"మాట ఇస్తున్న మల్లయ్యా. నీ మంద మీదికి నా కలం నుంచి ఏదీ రాదు."

నేను పక్కన నిలబడి విన్నాను. ఈ పెద్దమనిషి ఇవ్వకూడని మాట ఇచ్చాడే అనుకున్నాను. నాకు తెలిసినంతలో అలాంటివి తేల్చేది పై అధికారులు. కానీ ఆ మాట మీదే మల్లయ్య గొర్రెలను పట్టి ఇచ్చాడు. తెల్లవారుజామున చలికి పళ్లు కొట్టుకుంటూ నేను సీసాలు పట్టుకుని నిలబడితే, మల్లయ్య భార్య కొమురమ్మ అటక మీది నుంచి ఒక గొంగడి దించి నా భుజాల మీద వేసింది. నల్లగొర్రెల ఉన్నితో మల్లయ్యే నిరుడు నేసింది.

"కప్పుకో బిడ్డా. అంగీ సూస్తె అద్దం లెక్క ఉన్నది. ఎల్లేటప్పుడు తీస్కపో, నాకియ్యకు."

సాబు బండిలో ముందు కూర్చున్నారు. నేను గొంగడి కప్పుకుని వెనక, సీసాల పెట్టె ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. సూర్యాపేట వచ్చేదాకా ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి సీసాల మూతలు బిగుతుగా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయనే చెప్పాను.

ఎరుపు చుక్కలు

పని ఎలా చేశామో చెప్తాను, ఎందుకంటే ఇప్పటి పిల్లలకు అంతా పెట్టెల్లో తయారుగా దొరుకుతుంది. మాస్టరు రక్తం, మంద నుంచి తెచ్చిన నమూనాలు గినీ పందులకు సూదితో ఎక్కించాం. రోజుకు రెండుసార్లు ఒక్కొక్కదాని జ్వరం చూడాలి. వారం దాటాక ఒక్కొక్కటే వేడెక్కాయి. ముడుచుకుని మూలన కూర్చున్నాయి. జ్వరం వచ్చినవాటి ప్లీహం తీసి, నూరి, పిండం కదులుతున్న కోడిగుడ్ల పచ్చసొనలోకి ఎక్కించాం.

మామూలు సూక్ష్మజీవులను పెంచే పలకల మీద అదే సరుకు పోస్తే ఏమీ పెరగలేదు. పలకలు అద్దంలా శుభ్రం. పింగాణీ వడపోతలో పోస్తే మామూలు సూక్ష్మజీవులు పైన ఆగిపోతాయి, ఇది కిందికి జారిపోయింది. చచ్చిన తిండి తినదు. బతికున్న కణంలో దూరి, ఆ కణంలోనే సంసారం పెడుతుంది. సాబు చెప్తుంటే నాకు భయం వేసింది, దానికన్నా ముందు గౌరవం వేసింది.

మొదటి గుడ్డు పగలగొట్టి, పచ్చసొన పొరను గాజుపలక మీద రుద్ది, రంగు వేసి, సాబు చాలాసేపు చూశారు. తర్వాత లేచి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. నీలం నేల మీద ఎర్రటి చుక్కలు. ఒక్కొక్క కణం లోపల వందలు, ఇంకా ఎక్కువ, లెక్క పెట్టడం నా వల్ల కాలేదు. మాస్టరు తల పగలగొట్టింది ఇవి. ఇటలీలో సిపాయిలను పడగొట్టినవీ బహుశా ఇవే.

"ఏం నర్సింలూ, ఎట్లున్నది?"

"సాబ్, గింత చిన్నగున్నదానికి గంత బలమేంది?"

"నేను గూడ అదే అడుగుతున్న. జవాబు దొరికితే నీకే ముందు చెప్త," అన్నారు.

ఈ రోజుకీ నాకు పూర్తి జవాబు దొరకలేదు.

సాక్షులకు జ్వరం

ఇప్పుడు నా తప్పు. రెండో గదిలో ఆరు గినీ పందులు వేరుగా ఉండేవి. వాటికి ఏ సూదీ వేయలేదు. వాటికి జ్వరం రాకూడదు. అవి బాగుంటేనే మిగతావాటి జ్వరానికి అర్థం ఉంటుంది. వీటిని కంట్రోల్ అంటారు. సాబు మాత్రం సాక్షులు అనేవారు. మనం అబద్ధమాడితే ఇవి పట్టిస్తాయని చెప్పేవారు.

మొదటి గదిలో కిరసనాయిలు దీపం వల్ల వెచ్చగా ఉండేది. సాక్షుల గది చల్లగా, పెంకుల సందుల నుంచి గాలి కొడుతూ ఉండేది. ఆ ఏడు చలి ఎక్కువ. పొద్దున పోతే ఆరూ ఒకదాని మీద ఒకటి పడి వణుకుతున్నాయి. నాకు జాలి వేసింది. గదికి వెళ్లి కొమురమ్మ ఇచ్చిన గొంగడి తెచ్చి, వాకిట్లో రెండుసార్లు దులిపి, పంజరం మీద కప్పాను. రోజూ కప్పాను. సాబు వచ్చే వేళకు తీసేసి మడిచి నా గదిలో పెట్టుకునేవాణ్ని, గదంతా చిందరవందర చేశావని తిడతారని.

నియమం నోటికి వచ్చు. మంద నుంచి వచ్చింది ఏదీ సీసాలో తప్ప లోపలికి రాకూడదు. కానీ గొంగడి మంద నుంచి వచ్చిందని నాకు తట్టలేదు. మా దిక్కు గొంగడి పరుపు, గొంగడి గొడుగు, గొంగడి పెళ్లిపీట. పిల్లలు పుట్టినా గొంగడి, పెద్దలు పోయినా గొంగడి. దాన్ని చూసి గొర్రెను గుర్తు చేసుకునే తెలంగాణ మనిషిని నేను చూడలేదు.

మూడో వారంలో సాక్షుల్లో నాలుగింటికి జ్వరం వచ్చింది.

సాబు మూడుసార్లు చూశారు. సూదులన్నీ మళ్లీ ఉడకబెట్టించారు. పంజరాల చీటీలు మారాయేమోనని ఒక్కొక్కటీ తీసి చదివారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. చివరికి కుర్చీలో కూలబడి, "తప్పు నాదే. సూదులు కలిపి ఉంట," అన్నారు. మా పని మొత్తం చెల్లదని పై అధికారికి రాయడానికి కాగితం తీశారు. ఆ ఉత్తరం వెళ్తే ల్యాబ్ మూతపడుతుంది. ఆ జ్వరానికి మళ్లీ మలేరియా అని పేరు పెడతారు.

నాకు అప్పటికి గొంగడి సంగతి వెలిగింది. నిజం చెప్తాను, మూడు రోజులు నోరు మెదపలేదు. చెప్తే జ్వరం మల్లయ్య ఇంటి అటక మీద దొరికినట్టవుతుంది, మంద పోతుందని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఉద్యోగం పోతుందన్న భయం. మీరు ఎప్పుడైనా ఒక మంచి కారణం వెనక నక్కుతుంటే, దాని వెనక ఇంకో కారణం ఉందేమో చూసుకోండి. నాకు ఉండింది.

నాలుగో రోజు పొద్దున సాబు ఉత్తరం మడుస్తున్నారు. గొంగడి మడిచి తెచ్చి గడప బయట పెట్టి, నేనూ బయటే నిలబడ్డాను.

"సాబ్, సూదులు మీరు కలుపలే. గిది కప్పిన. సాక్షుల మీద. చలికి వణుకుతున్నయని."

ఆయన గొంగడి వైపు చూశారు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతోంది. గొంగడి మీది నుంచి దుమ్ము లేచి ఆ ఎండలో మెల్లగా తిరుగుతోంది. ఇద్దరం ఆ దుమ్మునే చూస్తూ నిలబడ్డాం. తిడతారనుకున్నాను.

"నువ్వు బండిల గిది కప్పుకోని కూసున్నవ్. నేను రెండు సార్లు ఎనుకకు మర్రి సూసిన. నాకు గూడ గొంగడే కనవడ్డది నర్సింలూ, గొర్రె కనవడలే." ఉత్తరం చింపేశారు. "ఎన్నడు నేసింది?"

"నిరుడు సాబ్."

"యా అల్లా! అటక మీద, ఎండిపోయి, తిండి లేక, నీళ్లు లేక ఏడాది!" అది కోపం కాదు. మసీదులో తల వంచే మనిషి గొంతు ఎలా ఉంటుందో ఆయన గొంతు అలా ఉంది.

గొంగడి చెప్పిన సాక్ష్యం

ఈసారి ల్యాబ్‌లో కాదు, సాబు ఇంటి వరండాలో కొత్త పంజరాలు పెట్టాం. కోదాడ నుంచి మళ్లీ పొట్టి చెవుల కుందేళ్లు వచ్చాయి. గొంగడిలో బెత్తెడు ముక్క కత్తిరించి, ఉప్పునీళ్లలో నానబెట్టి, పిండి, వడపోతలో వడగట్టి ఎక్కించాం. ఉడకబెట్టిన ముక్క నీళ్లు వేరే వాటికి ఎక్కించాం. తొమ్మిదో రోజుకు మొదటివాటికి జ్వరం. ఉడకబెట్టినదాని నీళ్లు పడ్డవి గడ్డి నములుతూ ఈలలు వేస్తున్నాయి. గుడ్లలో మళ్లీ అవే ఎర్రచుక్కలు.

ఆ చుక్కలు నేను సరిగ్గా చూడలేకపోయాను. నా కళ్లను వెనక నుంచి ఎవరో గుంజుతున్నారు. దులిపింది నేనే కదా. రెండు వారాలు పడి ఉన్నాను. సాబు నా రక్తం తీసి ఒక గినీ పందికి ఎక్కించి, పంజరం మీద 'నర్సింలు' అని చీటీ అంటించారు. దానికీ నాకూ జ్వరం పోటీపడి ఎక్కేది. "ఇయాల మీ తమ్మునికి తగ్గింది," అని వచ్చి చెప్పేవారు. అంత తలనొప్పిలోనూ నవ్వు వచ్చేది. దేవదానం మాస్టరు అప్పటికి కోలుకుని, కర్ర పట్టుకుని బడికి పోతున్నారు.

గొర్రెలతో పాటు ఆ రోజే తీసిన మల్లయ్య రక్తం, మాస్టరు రక్తం, నా రక్తం నుంచి తీసిన తేట నీటిని సీసాల్లో పోసి సముద్రాల అవతలి ల్యాబ్‌కు పంపారు సాబు. కొన్ని నెలలకు జవాబు వచ్చింది. ముగ్గురి రక్తమూ ఆ జీవిని గుర్తుపట్టింది.

మోకాళ్ల మీది గొంగడి

ఆ జవాబు రాకముందే పై అధికారి తనిఖీకి వచ్చారు. నేను చూసిన పై అధికారులు రెండు రకాలు. పని అర్థం కాక అడిగేవాళ్లు, పని అర్థం కాక ఆజ్ఞ ఇచ్చేవాళ్లు. ఈయన రెండో రకం. శివరాత్రి ఇంకా రాలేదు, చలి పోలేదు. తాను బస చేసిన ముసాఫిరుఖానా బంగళా నుంచి జీపులో నేరుగా వచ్చి, మా వాకిట్లో ఎండలో కుర్చీ వేయించుకున్నారు. రిపోర్టు మొత్తం చదివారు. మెచ్చుకున్నారు కూడా.

"బాగుంది ఖాదర్. అయితే మంద ఎవరిదో రాయలేదే. పేరు రాయండి. మందను ఖతం చేయిస్తే జబ్బు ఖతం."

నేను వెనక నిలబడి ఉన్నాను. మల్లయ్య కర్ర నేల మీద ఆనిన చప్పుడు నా చెవిలో వినిపించింది. ఒక్క పేరు రాస్తే సాబు పని దేశమంతా చదువుతుంది. రాయకపోతే సొరుగులో పడుతుంది.

"మందను చంపితే పోదు సార్," అన్నారు సాబు. "పెంటలో ఉంది, దుమ్ములో ఉంది, ఉన్నిలో ఉంది. ఒక్క మంద పట్టి చూశాం కాబట్టి అక్కడ దొరికింది. వెతికితే ప్రతి మందలో దొరుకుతుంది. ఖతం చేయాలంటే సూర్యాపేట నుంచి కోదాడ దాకా, కోదాడ నుంచి మిర్యాలగూడెం దాకా ఉన్న ప్రతి గొంగడినీ కాల్చాలి."

"అయితే కాల్పిద్దాం."

"సరే సార్. మీ మోకాళ్ల మీద ఉన్నదానితో మొదలుపెడదామా?"

అధికారి కిందికి చూసుకున్నారు. ముసాఫిరుఖానా కావలివాడు చలికి కప్పిన నల్ల గొంగడి ఆయన మోకాళ్ల మీదే ఉంది. రిపోర్టు దాని మీదే పెట్టుకుని చదివారు. ఆయనకూ గొంగడి కనిపించలేదు. ఊపిరి బిగపట్టి, రెండు వేళ్లతో దాన్ని పక్కకు తీసి, కుర్చీ వెనక్కి జరిపారు.

"పేరు లేకుండా ఇది పైకి పోదు," అన్నారు చివరికి.

"పోకపోతే పోనివ్వండి సార్."

పోలేదు. కొన్నేళ్లకు ఈ జ్వరం మన దేశంలో ఉందని వేరేవాళ్లు వేరే చోట కనుక్కుని రాశారు. మంచి పని, తప్పు పట్టను. అది చదివిన రోజు నేను బాధపడి సాబు దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం తిరిగి నా చేతికిచ్చి, "మందలు ఏ దిక్కు పోతున్నయో సూసినవా ఈ ఏడు?" అని అడిగారు. ఆయన గొప్పతనం చాటడానికని ఇది రాయడం లేదు. ఆ రోజు నాకు కోపమే వచ్చింది. ఇప్పుడు రాదు.

సలాం

నాకు జ్వరం పూర్తిగా తగ్గి, రక్తం సంగతి జవాబు కూడా వచ్చాక పెన్‌పహాడ్ వెళ్లాం. సాబు మల్లయ్య ముందు నేల మీద కూర్చుని ఉన్నదంతా చెప్పారు.

"జ్వరం నీ మందల ఉన్నది మల్లయ్యా. అందరి మందల ఉన్నది. మావి కుక్కలకు ఎయ్యకు, లోతుగ బొందవెట్టు. ఈనే గొర్లను ఇండ్ల పక్క శేన్ల పెట్టకు, ఊరికి దూరం పెట్టు."

"ఈనే కాలమే సాబ్ శేన్లు పిలిచేది. దూరం పోతే గింజలు తక్కువొస్తయి."

"వస్తయి."

మల్లయ్య కర్ర ఆనించి ఆలోచించాడు. "మరి పుట్టినకాన్నుంచి గొర్లల్లనే పండుకుంటి. నాకు రాలేదేంది?"

"వచ్చి పోయింది. నీ చిన్నప్పుడే. నీ నెత్తురుకు దాంతోని దోస్తానా ఉన్నది."

మల్లయ్య తన ముంజేతిని తిప్పి నరాలు చూసుకున్నాడు. తర్వాత తలూపాడు. "మీరు మాట నిలవెట్టుకున్నరు. నేను గూడ నిలవెట్టుకుంట." కొమురమ్మ లోపలి నుంచి ఇంకో గొంగడి తెచ్చింది. నేను ఇద్దరి ముఖాలూ చూశాను. "తీస్కో," అన్నారు సాబు. "ఉడకవెట్టి కప్పుకో." ఉడకబెడితే అది ముడుచుకుపోయి తువ్వాలంత అయింది. దాన్ని చాలా ఏళ్లు వాడాను.

మల్లయ్య మాట తప్పలేదు. ఆ తర్వాతి ఏడు ఈనే కాలంలో ఊళ్లకు దూరంగానే ఉన్నాడు, గింజలూ తక్కువే వచ్చాయి. ఈనడం అయిపోయాక తన ఇంటి వెనక చేనులో మళ్లీ మంద పెట్టించమని చేను యజమానికి చెప్పింది ఎవరనుకున్నారు? దేవదానం మాస్టరు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున, గినీ పందుల కోసం సాబూ నేనూ కోదాడ బస్సులో వెళ్తున్నాం. సూర్యాపేట దాటగానే బస్సు ఆగింది. దారికి అడ్డంగా మంద. ముందు మల్లయ్య, వెనక కొమురమ్మ, మధ్యలో ఒకదాన్నొకటి తోసుకుంటూ నల్ల గొర్రెలు, వాటి పక్కన కొత్తగా నడవడం నేర్చిన పిల్లలు. దుమ్ము బస్సు కిటికీల దాకా లేచింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, జనం తిడుతున్నారు. ఆ దుమ్ములో ఏముందో ఆ బస్సులో మా ఇద్దరికే తెలుసు. నేను గబగబా తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. పక్కకు చూశాను. ఖాదర్ సాబ్ కూడా ఎడమ చేత్తో రుమాలు ముక్కుకు గట్టిగా అదిమి పట్టుకున్నారు. మంద మొత్తం దాటేదాకా కుడి చేయి నుదుటికి ఎత్తి సలాం చేస్తూనే ఉన్నారు.